బంగారు నగలకు ఇంట్లోనే మెరుగు: ఏది క్షేమం, ఏది నష్టం

బంగారం తుప్పు పట్టదు. నగ కాంతి తగ్గడానికి చాలావరకు కారణం దానిపై పేరుకున్న చెమట, నూనె, పసుపు, సబ్బు జిడ్డు. దాన్ని వదిలించడానికి గోరువెచ్చని కుంకుడు రసం చాలు. పావుగంట నానబెట్టి, మెత్తని బ్రష్షుతో సందుల్లో రుద్ది, మంచినీటితో కడిగి, నూలు గుడ్డతో తడి అద్దాలి. ఈ పని పళ్లెంలో చేయాలి. సింకులో కడిగితే ఊడిన రాయి గాని, దిద్దు వెనుక మర గాని మళ్లీ దొరకదు. టూత్‌పేస్టు వాడరాదు. అందులోని రాపిడి పదార్థం మెత్తని బంగారంపై గీతలు పెడుతుంది.

ముత్యాల సంగతి వేరు. ముత్యం ప్రధానంగా క్యాల్షియం కార్బొనేట్ కనుక నిమ్మరసం, చింతపండు పులుపు దాని పై పొరను తినేస్తాయి. తడి గుడ్డతో తుడిస్తే చాలు. లక్కపై పొదిగిన కుందన్ నగలను అసలు నానబెట్టరాదు.

వీటన్నిటికంటే పెద్ద నష్టం మెరుగు పెడతామంటూ ఇంటింటికీ తిరిగే మోసగాళ్ల వల్ల కలుగుతుంది. వారిలో కొందరు నగను ముంచేది రాజద్రావకంలో. గాఢ నత్రికామ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసిన ఈ ద్రవం బంగారాన్నే కరిగిస్తుంది. నగ తళతళలాడుతూ చేతికి వస్తుంది. కరిగిన బంగారం మాత్రం ద్రావకంతోపాటే వెళ్లిపోతుంది, దాన్ని వారు తరువాత రాబట్టుకుంటారు. ఆ తరుగు కంటికి ఆనదు, త్రాసుకే తెలుస్తుంది. తెలిసిన దుకాణంలో మెరుగుకు ఇచ్చినా ముందూ వెనుకా ఎదుటే తూకం వేయించి, బరువును రసీదుపై రాయించుకోవాలి. జిడ్డు పోవడం వల్ల తగ్గే బరువు అతి స్వల్పం.