ఎల్.. ఐ.. అంతే, ఆగిపోయింది!

ఇన్‌స్టలేషన్ పూర్తయింది, రీబూట్ చేయమంటుంది. చేస్తే నల్లటి తెర మీద రెండే అక్షరాలు – ఎల్, ఐ. ఆ తర్వాత ఉలుకూ పలుకూ ఉండదు. 1990ల చివర్లో పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చే సీడీలు పెట్టుకుని లినక్స్ మొదలుపెట్టిన మనవాళ్ళలో చాలామందికి ఇది గుర్తుండే ఉంటుంది. "లినక్స్ వేస్తే హార్డ్ డిస్క్ పోతుంది" అన్న పుకారుకి ఈ రెండక్షరాల పుణ్యం కూడా కొంత ఉంది. డిస్కులో డేటా చెక్కుచెదరకుండా ఉన్నా, భయపడి మొత్తం ఫార్మాట్ కొట్టేసిన వాళ్ళున్నారు. నన్నడిగితే లినక్స్ మీద అది ఉత్త నింద. అసలు గొడవ అంతకు పదిహేనేళ్ళ ముందే మొదలైంది.

1983లో ఐబీఎం తన పీసీ ఎక్స్‌టీని 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో తెచ్చింది. అందులో ఉన్నవి 306 సిలిండర్లు. డిస్కుని చదవమని బయోస్‌ని అడిగే పద్ధతిలో సిలిండర్ నంబరుకి 10 బిట్లు, హెడ్‌కి 8, సెక్టర్‌కి 6 ఇచ్చారు. 10 బిట్లంటే 1024 సిలిండర్లు. 306 ఉన్నచోట 1024 ఎవరికైనా ధారాళంగానే అనిపిస్తుంది కదా! తర్వాత వచ్చిన ఐడీఈ డిస్కులు హెడ్‌కి 4 బిట్లే ఇచ్చాయి, అంటే 16. ఇద్దరికీ కుదిరిన మేరకే దారి కాబట్టి 1024 × 16 × 63 సెక్టర్లు, దాదాపు 52.8 కోట్ల బైట్ల దగ్గర గోడ తగిలింది. అప్పుడు బయోస్‌లు డిస్కులో 255 హెడ్లున్నాయని అబద్ధమాడి బండిని 8.4 గిగాబైట్ల దాకా లాక్కొచ్చాయి.

లినక్స్ ఒకసారి లేచి నిలబడితే బయోస్‌తో పని లేదు, డిస్కుతో నేరుగా మాట్లాడుకుంటుంది. లేపేవాడికే తిప్పలన్నీ. ఆ పని చేసేది లిలో, వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ 1990ల మొదట్లో రాసిన బూట్ లోడర్. డిస్క్ మొదటి సెక్టర్లో పార్టిషన్ టేబుల్ పోగా కోడ్‌కి మిగిలేది 446 బైట్లు. అంత ఇరుకులో ఫైల్ సిస్టమ్ చదవడం ఎక్కడ కుదురుతుంది? అందుకే కెర్నెల్ డిస్కు మీద ఏయే సెక్టర్లలో ఉందో ముందే రాసిపెట్టుకునేది. కొత్త కెర్నెల్ కాపీ చేసి లిలో కమాండ్ మళ్ళీ నడపకపోతే అంతే సంగతులు.

తన పేరులోని నాలుగక్షరాలనీ ఒక్కో మెట్టు దాటాక ఒక్కోటి చొప్పున అచ్చు వేసేది లిలో. ఎల్ అంటే మొదటి ముక్క నడుస్తోంది. ఐ అంటే రెండో ముక్కని డిస్కు నుంచి తెచ్చి, అందులోకి దూకబోతోంది. అక్కడ ఆగిందంటే తెచ్చింది అసలు ముక్క కాదన్నమాట. ఆ ఫైల్ చోటు మారి ఉండాలి, లేదా లినక్స్ లెక్కలో హెడ్లు వేరు, బయోస్ లెక్కలో వేరు అయుండాలి. మందు కూడా చిన్నదే. రెస్క్యూ ఫ్లాపీతో లేపి, కాన్ఫిగ్ ఫైల్లో లీనియర్ అని ఒక మాట చేర్చి, లిలో మళ్ళీ నడిపితే చాలాసార్లు సరిపోయేది. రెండక్షరాల్లో ఇంత చెప్పిన ఎర్రర్ మెసేజ్ నేనింకోటి చూడలేదు (ఆ భాష తెలియాలనుకోండి, అది వేరే గొడవ :)).

1024 దాటిన సిలిండర్లలో కెర్నెల్ ఉంటే మాత్రం లీనియర్ కూడా ఆదుకోదు. డిస్క్ మొదట్లో బూట్ కోసం ఓ చిన్న పార్టిషన్ పెట్టమనేది ఇందుకే. 2000 ప్రాంతంలో లిలోకి ఎల్‌బీఏ32 వచ్చాక, బయోస్ మరీ పాతది కాకపోతే ఆ బాధ తప్పింది. ఈలోపు ఎరిక్ బోలిన్ 1995లో హర్డ్‌ని బూట్ చేయడానికి మొదలుపెట్టిన గ్రబ్, ఫైల్ సిస్టమ్‌ని తనే చదువుకోవడంతో లినక్స్ డిస్ట్రోలు ఒక్కొక్కటే అటు మళ్ళాయి. 2015తో లిలో డెవలప్‌మెంట్ ఆగిపోయింది.

పాత పార్టిషన్ టేబుల్లో సెక్టర్ నంబరుకి ఇచ్చింది 32 బిట్లు. దాంతో 2 టెరాబైట్ల దగ్గర మళ్ళీ అదే గోడ తగిలింది, ఈసారి పార్టిషన్ టేబుల్నే మార్చి జీపీటీ తేవాల్సి వచ్చింది.