కృష్ణా డెల్టా పాత నాణేలు

శాతవాహనులు తూర్పు తీరంలో ఎక్కువగా వాడిన నాణెపు లోహం సీసం. ఆ సీసపు నాణేల్లో సేకర్తలు ముందుగా వెతికేది ఓడ నాణెం. ఒకవైపు రెండు తెరచాప కొయ్యల ఓడ, మరోవైపు ఉజ్జయిని గుర్తు ఉంటాయి. అంచు చుట్టూ రాజు పేరు బ్రాహ్మీ లిపిలో ఉండాలి గానీ, చాలా బిళ్లల మీద అచ్చు పక్కకు జరిగి నాలుగైదు అక్షరాలే మిగిలాయి. ఫలానా నాణెం పులుమావిదా, యజ్ఞశ్రీదా అన్న తగువు అక్కడే పుడుతుంది. పైగా సీసానికో తెగులుంది. చెక్క పెట్టెలో దాస్తే, కొయ్యలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి తగిలి తెల్లని పొడిగా రాలిపోతుంది.

ఆ ఓడల వర్తకానికి మరో సాక్ష్యం రోమన్ నాణేలు. గుంటూరు సీమలో వినుకొండ దగ్గర రోమన్ బంగారు నాణేలు దొరికాయి. భారతదేశంలో దొరికిన రోమన్ నాణేలన్నిటినీ గుదిగుచ్చి 1904లో వ్యాసం రాసిన రాబర్ట్ సెవెల్ ఈ ప్రాంతానికి కొత్తవాడేమీ కాదు. కృష్ణా జిల్లాలో పనిచేసిన దొర, 1877లో అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపించినవాడు.

వేంగి చాళుక్యుల బంగారు నాణేలు పల్చగా, వెడల్పుగా ఉంటాయి. నడుమ వరాహం, చుట్టూ విడివిడిగా గుద్దిన ముద్రలు. శక్తివర్మ, రాజరాజనరేంద్రుల నాణేలు బర్మాలోని అరకాన్ తీరంలో కూడా బయటపడ్డాయి.

మచిలీపట్నం కథ వేరు. 1611లో ఇంగ్లీషు కంపెనీ అక్కడ వర్తక స్థావరం పెట్టింది. డచ్చివారు అంతకు ముందే దిగారు. 1750లో మచిలీపట్నాన్ని చేజిక్కించుకున్న ఫ్రెంచివారు మొగలు చక్రవర్తి పేరుతోనే రూపాయలు కొట్టించారు. పరాయి కంపెనీ సొంత పేరు వేసుకుంటే బజారులో షావుకారు నమ్మడు మరి! 1759లో అక్కడి కోట ఇంగ్లీషువారి వశమైంది. ఈ తీరంలోని ఉత్తర సర్కారుల కోసం వారు 1794, 1797 సంవత్సరాల్లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో బౌల్టన్ కర్మాగారపు ఆవిరి యంత్రాల మీద రాగి నాణేలు అచ్చు వేయించారు. వాటి మీద కంపెనీ చిహ్నంతో పాటు, రూపాయికి 48 అన్న లెక్క ఇంగ్లీషులో కనిపిస్తుంది. చేతి సుత్తి దెబ్బకు వంకరపోయిన పాత డబ్బుల పక్కన పెడితే ఇవి మరీ గుండ్రంగా, ఒక్క తీరుగా ఉంటాయి.

ధర విషయానికొస్తే, వయసు మీద ఆశ పెట్టుకున్నవారికి నిరాశే. పద్దెనిమిది వందల ఏళ్ల నాటి అరిగిన శాతవాహన బిళ్ల చవగ్గానే దొరుకుతుంది. 1939 నాటి ఆరో జార్జి వెండి రూపాయికి మాత్రం వేలంలో పోటీ ఎక్కువ, చలామణీలోకి వచ్చినవి తక్కువ కాబట్టి. మద్రాసుకు 1808 నాటి రాగి కాసులు తెస్తున్న అడ్మిరల్ గార్డనర్ ఓడ 1809లో ఇంగ్లండు తీరంలోనే మునిగింది. 1980లలో ఆ కాసులు లక్షల కొద్దీ పైకి తేలాయి. దాంతో సముద్రంలో మునిగిన నిధి కాస్తా ఎవరైనా కొనుక్కోగల సరుకైంది. 1943 నుంచి 1947 వరకు వచ్చిన చిల్లి కానీ కూడా ఇంటింటా మిగిలింది, కాబట్టి దాని వెల అంతంతమాత్రమే. ఇక చింతపండు పెట్టి తళతళా తోమిన రాగి నాణేన్ని సేకర్త పక్కన పెట్టేస్తాడు. కాలం పట్టించిన పొర పోయాక ధరా సగానికి సగం పోతుంది.

వైష్ణోదేవి బొమ్మ ఉన్న 2012 నాటి అయిదు, పది రూపాయల బిళ్లలకు లక్షలిస్తామనే ప్రచారం ఒట్టి బూటకం. తన పేరు వాడుకుని పాత నాణేలు, నోట్ల మీద రుసుములు గుంజుతున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

పొలం దున్నుతుంటే దొరికిన నాణేల కుండ విషయంలో 1878 నాటి నిధి చట్టం వర్తిస్తుంది. విలువ పది రూపాయలు దాటితే చాలు, కలెక్టరుకు తెలపాలి. కరిగించి అమ్మేసినా, పంచుకున్నా పోయేది లోహం ఒక్కటే కాదు. ఏ నాణెం ఏ నాణెంతో కలిసి, ఏ ఊళ్లో దొరికిందన్న ఆధారమూ పోతుంది. వందేళ్లు దాటిన నాణేలను అనుమతి లేకుండా దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తు చట్టం ఒప్పుకోదు. రద్దయిన అయిదు వందలు, వెయ్యి నోట్లను సైతం 2017 నాటి చట్టం ప్రకారం మామూలుగా పదికి మించి దాచకూడదు. అధ్యయనం, పరిశోధన, నాణేల సేకరణ కోసమైతే ఇరవై అయిదు దాకా ఉంచుకోవచ్చు.