లోపలి మాట, బడి మాట

న్యూజీలండ్ ఉత్తర ద్వీపపు తూర్పు తీరంలో, మవావో కొండ పక్కన ఉన్న రేవు పట్టణం టౌరంగా. కివీపండ్ల తోటలకూ ఓడరేవుకూ పేరుపొందిన ఆ ఊరికి విద్యాచరిత్రలోనూ ఒక చోటుంది. 1957లో అక్కడి బెత్లెహెమ్ మావోరీ పాఠశాలకు కీత్ హెండర్సన్ ప్రధానోపాధ్యాయుడిగా వచ్చారు. ఆయన భార్య సిల్వియా ఆష్టన్-వార్నర్ (1908–1984) అప్పటికే చాలా ఏళ్ళుగా మావోరీ పసిపిల్లలకు చదువు చెబుతున్నారు. మరుసటి ఏడు ఆమె నవల ‘స్పిన్‌స్టర్’, 1963లో ఆమె బోధనానుభవాల గ్రంథం ‘టీచర్’ వెలువడ్డాయి. 1984 ఏప్రిల్‌లో ఆమె టౌరంగాలోనే కన్నుమూశారు. పిల్లలు చదివే తొలి మాట ఎక్కడినుంచి రావాలి? ఆమె కృషికంతటికీ మూలం ఈ ప్రశ్నే. పరాయి దేశాల్లో పిల్లలకు తెలుగు నేర్పాలని తాపత్రయపడుతున్న మనకూ ఇది దూరపు ప్రశ్నేమీ కాదు.

ఆమె పద్ధతి 1949–57 మధ్యకాలంలో, హాక్స్ బే ప్రాంతపు ఫెర్న్‌హిల్ పాఠశాలలో రూపుదిద్దుకుంది. ఆ రోజుల్లో పసిపిల్లల చేతికి ‘జానెట్ అండ్ జాన్’ వాచకాలు ఇచ్చేవారు. వాటిలోని ఇల్లూ వాటిలోని బాల్యమూ మావోరీ పిల్లలు ఎరిగినవి కావు. ఆష్టన్-వార్నర్ ఒక్కొక్క పిల్లనూ దగ్గరికి పిలిచి, ఏ మాట కావాలో అడిగేవారు. చెప్పిన మాటను దళసరి అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి ఆ పిల్ల చేతికిచ్చేవారు. మరునాటి ఉదయం అట్టలన్నీ నేలమీద గుమ్మరిస్తే, ఎవరి మాటను వారు వెతుక్కోవాలి. గుర్తుపట్టలేకపోతే ఆ అట్టను పారవేసేవారు. అది పిల్ల తప్పు కాదనీ, ఆ మాట లోపలినుంచి రాలేదనీ ఆమె భావించేవారు. అమ్మ, నాన్న, దయ్యం, ముద్దు వంటి మాటలను ఒక్కసారి చూస్తే చాలు, పిల్లలు మరచిపోయేవారు కారు. వాచకంలోని రెండు మూడు చిన్న మాటలు నెలల తరబడి పట్టుబడని ఒక బాలుడు కసాయి కత్తి, జైలు, పోలీసు వంటి మాటలను నిమిషాల్లో నేర్చుకున్న వైనాన్ని ఆమె ‘టీచర్’లో వర్ణించారు.

ఎందుకిలా జరుగుతుంది? మాట మనసులో ఎలా తయారవుతుందో పరిశీలించిన శాస్త్రం ఇందుకు కొంత సమాధానం చెబుతుంది. డచ్ మనోభాషావేత్త విలెమ్ లెవెల్ట్ 1989లో ప్రచురించిన ‘స్పీకింగ్’ గ్రంథంలో ఆ ప్రక్రియను మెట్లుమెట్లుగా వివరించారు. మొదట చెప్పదలచిన భావం రూపుకడుతుంది. తరువాత దానికి తగిన పదాలు, వ్యాకరణపు కూర్పు, ధ్వనిరూపం సమకూరుతాయి. చివరికి ఉచ్చారణ. పదం తట్టడమూ దాని ధ్వని అందడమూ వేర్వేరు పనులు. “పేరు నోట్లోనే ఉంది, బయటికి రావడం లేదు” అన్నప్పుడు మనం మొదటి పని ముగించి, రెండవదాని దగ్గర ఆగిపోయామన్నమాట. ఈ దారి భావంతో మొదలవుతుంది. బడి సాధారణంగా మరో కొసనుంచి బయలుదేరుతుంది: అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, పదాలు, వాక్యాలు, ఆఖరున ఎప్పుడో చెప్పదలచిన మాట. అక్షరజ్ఞానం అక్కరలేదని దీని అర్థం కాదు. ధ్వనికీ లిపికీ ఉన్న సంబంధాన్ని క్రమంగా నేర్పనిదే కొత్త మాటను చదవడం రాదు. అయితే ఆ శ్రమకు పిల్ల ఎందుకు పూనుకోవాలన్నదానికి జవాబు మాత్రం లోపలి మాట దగ్గరే దొరుకుతుంది.

ఇంటి మాటకూ బడి మాటకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని అంతకు అర్ధశతాబ్దం ముందే మన ప్రాంతంలో గుర్తించినవారు గిడుగు రామమూర్తి (1863–1940). పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలోనే వాచకాలు రాసి, సవర పిల్లల కోసం బడులు పెట్టారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది. తెలుగులో వ్యావహారికం కోసం ఆయన చేసిన పోరాటం వెనుకా ఇదే తర్కముంది. ఎవరూ మాట్లాడని గ్రాంథికంలో వ్యాసం రాయమంటే, విద్యార్థి తన భావానికి మాట వెతుక్కోవడం మాని, కంఠస్థం చేసిన పదబంధాలను పేర్చడం మొదలుపెడతాడు.

గిడుగును పక్కన నిలబెట్టి చూస్తే ఆష్టన్-వార్నర్ పద్ధతికున్న పరిమితి కూడా కనిపిస్తుంది. ఆమె మావోరీ పిల్లల భయాలనూ ప్రేమలనూ తరగతిలోకి రానిచ్చారు. కానీ అట్టల మీద ఆమె రాసినవి ప్రధానంగా ఇంగ్లీషు మాటలే. 1867 నాటి నేటివ్ స్కూల్స్ చట్టం నుంచీ బడిభాష ఇంగ్లీషే. 1913లో మావోరీ బడిపిల్లల్లో 90 శాతం తమ భాష మాట్లాడగలిగేవారనీ, 1975 నాటికి 5 శాతం కూడా మిగలలేదనీ తరచుగా ఉదహరించే లెక్క.

ఆ నష్టాన్ని పూడ్చేందుకు మావోరీలే పూనుకున్నారు. 1970ల చివర కాటెరినా మటైరా, న్గోయి పేఫైరంగి ‘తే అతారంగి’ పద్ధతిని ప్రారంభించారు. కాలెబ్ గటెన్యో రూపొందించిన మౌన బోధన దీనికి ఆధారం. రంగురంగుల చెక్కపుల్లలు ముందుంచుకొని, ఇంగ్లీషు ఊసెత్తకుండా, నేర్చుకునేవారి చేతనే మాట్లాడిస్తారు. గురువు మాట తగ్గితే శిష్యుడి మాట పెరుగుతుంది. 1982లో ‘కోహంగా రేయో’ శిశుశాలలు మొదలయ్యాయి. 1987లో మావోరీ అధికారభాష అయింది. నేడు టౌరంగాలోనూ మావోరీ మాధ్యమంలో బోధించే బడులున్నాయి.

“మావాడికి తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడడు” అన్న మాట మన ఇళ్ళలో తరచుగా వింటాం. కెనడాలో ఫ్రెంచి మాధ్యమంలో చదివిన ఇంగ్లీషు పిల్లల విషయంలో మెరిల్ స్వెయిన్ 1985లో ఇదే గమనించారు. ఏళ్ళ తరబడి విని అర్థం చేసుకున్నా, వారి మాటల్లో వ్యాకరణం కుదురుకోలేదు. మాట్లాడితే తప్ప మాట్లాడటం రాదన్నది ఆమె ప్రతిపాదన సారాంశం. తెలుగులో ఇది ఇంకా స్పష్టం. “తాతగారు వచ్చారు” అని వినే పిల్లకు ‘తాత’, ‘వచ్చు’ అందితే అర్థమైపోతుంది; చివరి ‘ఆరు’ను పట్టించుకోనక్కరలేదు. అదే వాక్యం తాను అనవలసివస్తే ‘వచ్చాడు’ అనాలా ‘వచ్చారు’ అనాలా తేల్చుకోక తప్పదు. ఆ తేల్చుకోవడంలోనే భాషతోబాటు మర్యాదా వంటబడుతుంది.

వారాంతపు తెలుగు బడికి దీనినుంచి రెండు పనులు తేలుతున్నాయి. అక్షరమాలతోబాటు ప్రతి పిల్లకూ తాను కోరిన తెలుగు మాట ఒకటి రాసివ్వడం మొదటిది. ఆ మాటతో పిల్ల ఏదైనా చెప్పబోయి తడబడితే, వాక్యాన్ని మనమే పూర్తిచేసేయకుండా కాసేపు ఆగడం రెండవది. ఆ కాసేపట్లో పిల్ల మనసులో భావం తెలుగు మాటను వెతుక్కుంటూ ఉంటుంది. అది దొరికేలోగా మనం ఇంగ్లీషు మాట అందిస్తే వెతుకులాట అక్కడితో ఆగిపోతుంది. ఒక తరం పిల్లలు వెతకడం మానేస్తే భాష ఏమవుతుందో 1975 నాటి ఆ లెక్క చెబుతూనే ఉంది.