లోతు లేని రేవు: బందరులో ఒక పగలు

విజయవాడలో పొద్దున్నే రైలెక్కితే గుడివాడ, పెడన మీదుగా బందరు చేరి, ఊరంతా తిరిగి రాత్రికి ఇల్లు చేరుకోవచ్చు. రేవు పట్నం కదా అని దిగీదిగగానే సముద్రం కోసం చూస్తే మాత్రం కనబడదు. మంగినపూడి తీరం ఊరికి 11 కిలోమీటర్లు. అక్కడ నీళ్ళలోకి ఎంతో దూరం నడిచినా లోతు తగలదు. కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు అంతా అక్కడే పరుచుకుంది. పెద్ద ఓడలు ఈ ఒడ్డుకు ఆనుకుని నిలిచేవి కావు. దూరాన లంగరు దించితే పడవలు సరుకు మోసేవి. ఇలాంటి చోట గోల్కొండ రాజ్యానికి ప్రధానమైన రేవు ఎందుకు వెలిసింది?

సముద్రాన్ని చూస్తే జవాబు దొరకదు, వీపు తిప్పి, నేతా అద్దకమూ సాగే పెడన వైపు చూడాలి. ఎర్ర సముద్రపు వర్తకుల కోసం గ్రీకు భాషలో రాసిన పెరిప్లస్ దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటే ఈ సీమను మసాలియా అంది, ఇక్కడ సన్నబట్ట విస్తారంగా నేస్తారని చెప్పింది. అయినా ఆ తర్వాత చాలాకాలం పెద్దపేరు బందరుది కాదు. కాకతీయుల నాడు ఓడల వర్తకులకు గణపతిదేవుడు అభయశాసనం వేయించింది మోటుపల్లిలో.

బందరు దశ తిరిగింది 16వ శతాబ్దం రెండో సగంలో, కుతుబ్‌షాహీల చేతిలో. గోల్కొండకు కడలి దారి కావాలి, కోస్తా నేతకు కొనేవాడు కావాలి. పెగూ, అచే, పర్షియా, ఎర్ర సముద్రం, అన్ని దిక్కులకూ ఇక్కణ్ణుంచి ఓడలు కదిలేవి. మక్కా యాత్రికులూ ఇక్కడే ఎక్కేవారు. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు గోల్కొండ సుల్తాను ఓడలోనే ఇక్కడ దిగాడు. ఊళ్ళో ఇళ్ళు కొయ్యవని తేలిగ్గా మాట్లాడినా, బంగాళాఖాతంలో ఓడలు నిలపడానికి ఇంతకన్న మంచి చోటు లేదన్నాడు.

ఇంతమందిని రప్పించింది అద్దకం. గుడ్డను కరక్కాయ, గేదెపాల కషాయంలో ముంచి ఆరబెడతారు. పటిక నీళ్ళతో అచ్చు వేసి చిరివేరుతో ఉడికిస్తే పటిక తగిలిన చోటే ఎరుపు పడుతుంది. నలుపు కోసం తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ నీళ్ళలో పులియబెడతారు. తర్వాత పారే నీళ్ళలో ఉతకాలి. ఆ నీళ్ళు కాలువ ఇస్తుంది, సముద్రం ఇవ్వదు. ఉతికినా పోని ఆ రంగుల మీద ఐరోపా ఎంత మోజుపడిందంటే, సొంత నేతగాళ్ళను కాపాడుకోవడానికి 1686లో ఫ్రాన్సు ఏకంగా ఈ అద్దకాలను నిషేధించింది. ఇంగ్లండూ కొన్నేళ్ళకే అదే దారి పట్టింది. నిషేధమంటే ఒక రకంగా మన పనివాళ్ళకు దక్కిన పొగడ్తే, కూడు పెట్టని పొగడ్త.

డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో గ్లోబ్ ఓడ మీద, ఫ్రెంచివాళ్ళు 1669లో వచ్చారు. ఒకరి పక్కన ఒకరు గిడ్డంగులు పెట్టుకుని అదే నేతగాడికి బయానా ఇవ్వడానికి పోటీపడ్డారు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అని ఆటోవాడికి చెబితే ఇప్పటికీ తీసుకెళ్తాడు. చెన్నపట్నం కోట లేచేదాకా తూర్పు తీరంలో ఇంగ్లీషువాళ్ళ పెత్తనం ఇక్కణ్ణుంచే సాగింది.

1687లో ఔరంగజేబు చేతిలో గోల్కొండ పడిపోయింది. నా లెక్కలో బందరు పతనానికి మొదటి కారణం అదే, తుఫాను కాదు. వెనకనున్న రాజ్యం పోతే లోతు లేని రేవుకు మిగిలేదేముంది? ఆ పైన జరిగినవి బందరు కోట కోసం కొట్లాటలు. 1750లో ఫ్రెంచివాళ్ళకు దక్కిన ఊరిని 1759 ఏప్రిల్లో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డు రాత్రివేళ దాడి చేసి పట్టుకున్నాడు. ఆ కోటలో ఇప్పుడు చూడగలిగింది కూలిన గోడలే. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. లోతు లేని సముద్రం గాలికి తేలిగ్గా పొంగి మీదికొస్తుంది. ఆ తర్వాత అయిదేళ్ళలోపే జర్మనీలో ఆలిజరిన్ అనే కృత్రిమ ఎర్ర రంగు పుట్టి చిరివేరు గిరాకీని మింగేసింది. పెడనలో ఇవాళ కనబడే ఎరుపు చాలావరకు ఆ డబ్బా రంగే. 1933లో విశాఖ రేవు తెరుచుకున్నాక పెద్ద ఓడలకు బందరుతో పనే లేకపోయింది.

సరుకు తగ్గిపోయాక ఊరు మాటలు పంపింది. 1902లో కృష్ణా పత్రిక, 1910లో కోపల్లె హనుమంతరావు జాతీయ కళాశాల, 1923లో పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు వచ్చాయి. బందరు లడ్డు సంగతి చెప్పలేదని కోపం వద్దు, తిరుగు రైలుకు ముందు కొనుక్కోవచ్చు.

కొత్త రేవు కోసం 2008లో ఒకసారి, 2019లో ఒకసారి శంకుస్థాపన జరిగింది. పనులు మొదలైంది 2023లో. ఒండ్రు తవ్వి ఓడలకు దారి లోతు చేస్తారు. లోతు యంత్రాలు తెస్తాయి, అది నమ్మొచ్చు. ఆ ఓడల్లోకి కృష్ణా జిల్లా ఏం ఎక్కిస్తుందన్న ప్రశ్న మాత్రం శంకుస్థాపన సభల్లో పెద్దగా వినబడలేదు.