గొడ్డలి కథ

పరశురాముడు తన గొడ్డలిని సముద్రములోనికి విసరెనట. అది పడిన మేరకు కడలి వెనుకకు తగ్గి నేల పైకి తేలెనట. గోకర్ణము మొదలు కన్యాకుమారి వరకు గల కొబ్బరిసీమ అట్లు పుట్టినదని మలయాళ దేశమువారు చెప్పుకొందురు. మన కోనసీమయు కొబ్బరిసీమయే; ఇదియు కడలినుండి వచ్చిన నేలయే. కాని దీనిని గెలిచి తెచ్చినది గొడ్డలి కాదు, గోదావరి. గౌతమీ వసిష్ఠల నడుమ, వైనతేయ చీల్చుకొని పోవు ఈ నేలను ఏటేట వచ్చిన ఒండ్రుమట్టి పేర్చినది. అందుచేతనే అమలాపురమున గాని, రాజోలున గాని, కొత్తపేటలో గాని బావి త్రవ్వినవానికి మట్టియు ఇసుకయు తగులునే కాని రాయి తగులదు. ఇనుప ఖనిజము మాట చెప్పనే అక్కరలేదు.

రాయి లేని చోట రాతిగొడ్డలి పుట్టదు. ఖనిజము లేని చోట ఇనుపగొడ్డలి పుట్టదు. కావున కోనసీమలోని ప్రతి గొడ్డలియు ఎగువనుండి పడవమీదనో బండిమీదనో వచ్చిన చుట్టమే. ఆ చుట్టము ఎక్కడనుండి వచ్చినది, దానిని ఎట్లు ఎన్నుకొనవలెను, ఎట్లు కాపాడుకొనవలెను అనునదే ఈ ప్రసంగమునకు విషయము.

మొదట రాతిగొడ్డలి. భూగర్భ పరిశోధన శాఖలో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863 మే 30వ తేదీన మదరాసు చెంతనున్న పల్లావరమున ఒక రాతి పనిముట్టును గుర్తించెను. పిదప ఆయన దత్తమండలములలో తిరిగి, నున్నగా నూరిన రాతిగొడ్డళ్ళను అనేకముగా సేకరించెను. బళ్ళారి చెంత సంగనకల్లు గుట్టలపై అట్టి గొడ్డళ్ళను చేసిన కార్ఖానాయే ఉండెడిది. డోలరైటు అను నల్లని రాతిని పెచ్చులుగా కొట్టి, పిమ్మట చిన్న చిన్న దెబ్బలతో రూపు తీర్చి, కడపట నీటితోను ఇసుకతోను బండమీద నూరెడివారు. ఆ నూరుడుచే ఏర్పడిన గాళ్ళు నేటికిని అచ్చటి బండలపై కానవచ్చును. పూర్వపు మహబూబ్‌నగరు జిల్లాలోని ఉట్నూరున 1957లో ఆల్చిన్ పండితుడు జరిపిన త్రవ్వకములలో నాలుగువేల యేండ్లకు పూర్వపు పశువుల దొడ్ల జాడలును, వాని చుట్టు పాతిన గుంజల గుర్తులును బయటపడినవి. ఇనుము తెలియని ఆ కాలమున అన్ని గుంజలను నరికినది రాతిగొడ్డలియే యని వేరుగా చెప్పనక్కరలేదు. మన పశుసంపద గొడ్డలి చాటున పెరిగినదన్న మాట.

తరువాత ఇనుము వచ్చినది. మన పల్లెలలో రాక్షసగుళ్ళు అని పిలుచు పెద్దరాళ్ళ సమాధులలో, దక్షిణాపథమున పలుచోట్ల, బల్లపరుపుగా ఉన్న ఇనుప గొడ్డళ్ళు దొరికినవి. వానికి కామ దూర్చుటకు బెజ్జము లేదు. కొయ్యను చీల్చి, అందు గొడ్డలిరేకును ఇరికించి, ఇనుప పట్టీలతో అడ్డముగా, వత్తు గుర్తువలె, బిగించిరి. ఇనుపముద్దను కాచి, కడ్డీచుట్టు వంచి, బెజ్జము నిలుపుట కమ్మరికి గొప్ప గెలుపు. శ్రీకాళహస్తి ప్రాంతమున గుడిమల్లములోని ప్రాచీన శివలింగముపై చెక్కిన మూర్తి భుజమున పరశువు ఉన్నది. శివుని చేతిలోని ఆయుధమే రైతు చేతిలోని పనిముట్టు కూడ.

ఉక్కు విషయమున తెలుగుదేశము లోకప్రసిద్ధి పొందినది. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరగించి తీసిన ఉక్కుకొరకు పారశీక దేశపు వర్తకులు వచ్చి కాచుకొని యుండెడివారని వాయిసీ అను శాస్త్రజ్ఞుడు వ్రాసిన వ్యాసము ఆయన మరణానంతరము 1832లో అచ్చయినది. అట్టి ఉక్కు విలువైనది కనుక గొడ్డలినంతను దానితో చేయుట వ్యర్థము. మెత్తని యినుమును వంచి ఒడలు చేసి, అంచున మాత్రము ఉక్కుముక్కను అతికి సమ్మెటతో ఏకము చేయుదురు. మెత్తని యినుము దెబ్బను ఓర్చుకొనును. గట్టి యుక్కు పదును నిలుపును. ఈ రెండు గుణములు ఒకే లోహమున సరిపాళ్ళలో దొరకుట కష్టము. ఆ కష్టమును దాటుటయే కమ్మరి విద్య.

ఇక మన చెంతకు వత్తము. 17వ శతాబ్దమున థామస్ బౌరీ అను ఆంగ్ల నావికుడు ఈ తీరమంతయు తిరిగి తాను చూచినది వ్రాసిపెట్టెను. వసిష్ఠకు ఆవలి యొడ్డున, మన రాజోలు సీమకు ఎదురుగా నున్న నరసాపురమున ఓడలు కట్టుటను ఆయన మిక్కిలి మెచ్చుకొనెను. మంచి కలపయు, మంచి యినుమును అచ్చట దొరకునని, మేకులు మొదలు లంగరుల వరకు అన్నిటిని స్థానికులే నేర్పుతో చేయుదురని ఆయన సాక్ష్యము. ఎగువ అడవులలో గొడ్డలి పడద్రోసిన టేకుమాను గోదావరిలో తేలి వచ్చెడిది. దిగువ రేవున బాడిస దానిని పలకగా చెక్కెడిది. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్టకును ఎగువనుండి వచ్చిన కలపయే తోడైనది. మన కాలువలకు, మన వరిచేలకు, మన కొబ్బరితోటలకు ముందుగా కొండలలో గొడ్డలి మ్రోత వినబడినదని మరువరాదు.

ఆ కొండలలో గొడ్డలికి వేరొక చరిత్ర ఉన్నది. పాపికొండల ప్రాంతపు కొండరెడ్లును, కోయలును గొడ్డలి భుజమున లేనిదే ఇల్లు కదలెడివారు కారు. చెట్లు నరికి, ఎండినపిమ్మట కాల్చి, ఆ బూడిదనేలలో విత్తు పోడు వ్యవసాయమునకు అదియే నాగలి. హైమెండార్ఫ్ పండితుడు 1945లో కొండరెడ్లపై ప్రకటించిన గ్రంథమున ఈ జీవనమును విపులముగా వర్ణించెను. 1879లో రంపదేశమున లేచిన తిరుగుబాటుకు చిగురుపన్ను ఒక కారణము. 1882 నాటి మదరాసు అటవీచట్టము వచ్చిన పిదప పోడుపై ఆంక్షలు పెరిగినవి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై అల్లూరి సీతారామరాజు దాడి చేయునాటికి, బలవంతపు రోడ్డుపనితో పాటు ఆ ఆంక్షలును మన్యపు గుండెలలో రగులుచుండెను. ఒకని చేతిలో గొడ్డలి వద్దనుట ఆతని కంచమును తీసివేయుటయే యని ఏలికలు గ్రహింపలేదు.

సముద్రములకు ఆవల అమెరికాలోను ఇట్టి కథయే నడచినది. వర్జీనియా తీరమున ఆల్గాంకియన్ భాషలు మాటలాడిన ఆదివాసుల నోటినుండి 17వ శతాబ్దారంభమున ఆంగ్లేయులు విన్న పేరే నేటి టొమహాక్. అది తొలుత రాతితల గల చేతిగొడ్డలి. ఐరోపా వర్తకులు ఇనుపతలలను తెచ్చి ఉన్నితోళ్ళకు మారకముగా ఇచ్చిరి. ఆదివాసులు దానిని వేటకు, వంటకట్టెలకు, గుడారపు గుంజలకు, యుద్ధమునకు గూడ వాడుకొనిరి. గొడ్డలితలకు వెనుకవైపున పొగాకు గిన్నెయు, కామ లోపల పొగగొట్టమును అమర్చిన రకము మరింత విచిత్రము. ఒక అంచు యుద్ధము. రెండవ అంచు సంధి. సంధి కుదిరినపుడు ఆయుధములను నేలలో పాతిపెట్టు ఆచారము వారిలో నుండెడిది. నేడు అచ్చట గొడ్డలిని గురికి విసరుట ఒక క్రీడ. అడవిలో విడిది చేయువారికి అదే గొడ్డలి పనిముట్టు.

విసరుటలోని మర్మము బలమున లేదు, దూరమున ఉన్నది. చేతినుండి వెడలిన గొడ్డలి గాలిలో గుండ్రముగా తిరుగును. ఒక పూర్తి చుట్టు తిరిగి అంచు ముందుకు వచ్చు చోట గురి ఉండవలెను. చేతిగొడ్డలికి ఆ దూరము సుమారు 12 అడుగులు. కామ ముందుగా తగిలినచో ఒక అడుగు ముందుకో వెనుకకో జరిగి సరిచూచుకొనవలెను గాని కండబలము పెంచరాదు. గురిపలక మెత్తని కొయ్య కావలెను, పచ్చనిచెట్టు కారాదు. తప్పిన గొడ్డలి ఎగిరి వెనుకకు వచ్చును. కనుక విసరువాని ప్రక్కను, గురి వెనుకను పిల్లలు నిలువరాదు.

ఇంటికైనను, తోటకైనను, విడిదికైనను గొడ్డలిని ఎన్నుకొనుటలో చూడవలసినవి నాలుగు. మొదటిది బరువు. ఒంటిచేతి పనికి తల అరకిలోకు అటునిటుగాను, కామ 14 మొదలు 19 అంగుళముల వరకును చాలును. అంతకు మించిన బరువు దుంగలు చీల్చుటకే. గోటితో పోవుదానికి గొడ్డలి యెందుకన్నట్లే, చేతిగొడ్డలితో పోవుదానికి గండ్రగొడ్డలి యెందుకు? రెండవది వరుస. అంచును కంటికి ఎదురుగా పెట్టి కామ పొడవున చూడుడు. అంచును, కామయు ఒకే గీతలో లేనిచో దెబ్బ ప్రక్కకు జారును. మూడవది పదునుపాకము. అంచున ఆకురాయిని ఒకసారి నడపుడు. సీసమువలె తెగినచో మెత్తన. గాజుపై వలె జారినచో మరీ గట్టి, పెచ్చులూడును. కొద్దిగా పట్టి విడిచినచో సరియైనది. నాలుగవది కామ. తుమ్మగాని, చిరుమానుగాని మేలు. కొయ్య ఈనెలు కామ పొడవున ఎడతెగక సాగవలెను. అడ్డముగా తెగిన ఈనె గల కామ ఏనాడో ఒకనాడు చేతిలోనే విరుగును.

తల బిగింపు విషయమున టొమహాక్ ఒక పాఠము చెప్పును. మన పికాసు వలెనే దాని కామ పైనుండి దూరును. పైకొస లావు, క్రింద సన్నము. విసరినకొలది తల బిగియునే కాని ఊడదు. కామ విరిగినచో అడవిలోనే మరియొక కొమ్మను చెక్కి దూర్చుకొనవచ్చును. క్రిందనుండి దూర్చి, పైన చీల కొట్టు గొడ్డలికి ఆ సౌకర్యము లేదు. ఆ చీలను మాటిమాటికి చూచుకొనవలెను.

దీనిని ఒక భయముచే నేర్చుకొంటిని. మా యింట పెండ్లికి కట్టెలు చీల్చుచుండగా గొడ్డలితల కామనుండి ఊడి పందిరి రాటకు తగిలి పడినది. రెండు బారల దూరమున పిల్లలు ఆడుచుండిరి. ఎవరికిని ఏమియు కాలేదు. ముందునాటి రాత్రి తల వదులుగా నున్నదని గొడ్డలిని నీటితొట్టిలో నానవేసినది నేనే. నీట నానిన కొయ్య ఉబ్బి ఒక పూట బిగియును. ఉబ్బుటకు చోటులేక దాని పీచు లోపల నలిగిపోవును. ఎండినంతనే మునుపటికంటె వదులగును. నీరు మందు కాదు, మాయ. సరియైన మందు కొత్త చీల, లేదా కొత్త కామ.

కోనసీమలో ఇనుమునకు పగవాడు ఉప్పుగాలి. అంతర్వేది మొదలు ఓడలరేవు వరకు కడలి యొడ్డున నున్నవారి యిండ్లలో ఒక వారము మరచిన గొడ్డలి ఎఱ్ఱబడును. పని ముగిసిన వెంటనే తడియార్చి, ఇనుముపై కొబ్బరినూనె పలుచగా రాయవలెను. కామకు మాత్రము కొబ్బరినూనె చాలదు, అది ఆరదు. అవిసెనూనె కొయ్యలో ఇంకి ఆరి గట్టిపడును. పదును పెట్టునపుడు ఆకురాయితో అంచువైపు నడపి, పిదప తడిసానపై తీర్చవలెను. వడిగా తిరుగు సానచక్రముపై నీరు చల్లక పెట్టినచో అంచు వేడెక్కి నీలిరంగు తిరుగును. ఆ రంగు కనబడినచోట కమ్మరి పెట్టిన పదును పోయినదన్నమాటయే. కట్టెను నేలమీద పెట్టి నరుకరాదు. క్రింద మొద్దు ఉండవలెను. లంక ఇసుక ఒక్క దెబ్బలో చేయు చెరుపు నూరుకట్టెలు చేయవు.

ఈ జాగ్రత్తలు చిన్నవిగా తోచవచ్చును. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమపై పడిన తుపాను నెరిగినవారికి అట్లు తోచదు. వందలాది ప్రాణములు పోయినవి. తరతరముల కొబ్బరితోటలు ఒక్క రాత్రిలో నేల కూలినవి. తెల్లవారునప్పటికి బాటలకు, ఇండ్లకు అడ్డముగా చెట్లు. సాయము వచ్చుటకు ముందు ప్రతి యూరును తనకు తానే బాట చేసికొనవలసివచ్చినది. కొబ్బరిమాను పైన గట్టి, లోపల మెత్తన. ఆ పైపీచు పదునును త్వరగా తినివేయును. అట్టి ఉదయమున చూరుక్రింద తుప్పుపట్టిన గొడ్డలి ఒక యింటి అశ్రద్ధ కాదు, ఊరికంతకును కీడు. పదునైన గొడ్డలి, గట్టి కామ, ఒక ఆకురాయి ఉన్న యిల్లు ఆనాడు పదిండ్లకు అండయైనది.

నేడు యంత్రపు రంపములు వచ్చినవి, మేలే. చమురు అయిపోయినపుడు, తుపాను తీగలను తెంపినపుడు గొడ్డలి ఒక్కటే మిగులును. దానికి కామ వేయగలవాడు, అంచున ఉక్కు అతుకగలవాడు, కొలిమి మండించి పదునుపాకము కంటితో కనిపెట్టగలవాడు ఊర అరుదగుచున్నాడు. ఆ విద్య పుస్తకమున దొరకునది కాదు. చేతినుండి చేతికి అందునది. కావున ఊర కొలిమి ఇంకను వెలుగుచున్నచో, ఈ వానకాలమునకు ముందే మీ గొడ్డలిని అచ్చటికి పంపుడు. గొడ్డలికి పదును వచ్చును. కొలిమికి పని దొరకును.