ముర్రుపాల చరిత్ర: ఓర్వకల్లు నేపథ్యంలో నవజాత పశువుల పేగు సూక్ష్మజీవజాలం

ఉపోద్ఘాతం

కర్నూలు–నంద్యాల మార్గంలోని ఓర్వకల్లు రాతిగుట్టల నడుమ మెట్టసేద్యం సాగే ప్రాంతం. 1876–78 నాటి ధాత కరువు తీవ్రంగా తాకిన జిల్లాల్లో కర్నూలు ఒకటి. వానపై భరోసా లేని ఈ సీమలో గొర్రె, గేదె కష్టకాలపు ఆసరాలు. 1990ల మధ్య నుంచి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో ఇక్కడ మహిళా పొదుపు సంఘాలు బలపడ్డాయి. అప్పు చేసి కొన్న పశువు ఈనినప్పుడు దూడ బతకడం ఏ కుటుంబానికైనా ఆర్థిక ప్రశ్నే. ఆ ప్రశ్నకు సమాధానం చాలావరకు తొలిరోజు పాలలో ఉందని శాస్త్రం గ్రహించిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

రెండు అన్వేషణలు – ఒక కలయిక

నవజాత శిశువుల పేగులో పుట్టిన కొద్ది గంటలకే సూక్ష్మజీవులు చేరతాయని థియోడర్ ఎషెరిక్ 1885లో గుర్తించాడు. నేడు ఇ. కోలై అని పిలిచే బ్యాక్టీరియాను ఆయనే వర్ణించాడు. 1892లో పాల్ ఎర్లిక్ తల్లిపాల ద్వారా పిల్లకు రోగరక్షణ సంక్రమిస్తుందని ఎలుకలలో నిరూపించాడు. ఈ రెండు అన్వేషణలు 1922లో కలిశాయి. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో థియోబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ జరిపిన ప్రయోగాలలో ముర్రుపాలు అందని దూడలు అధికశాతం మరణించాయి. పెరిగిన పశువుకు హాని చేయని పేగు బ్యాక్టీరియాయే రక్షణ లేని దూడకు ప్రాణాంతకమవుతుందని వారు తేల్చారు.

దీనికి కారణం శరీర నిర్మాణంలో ఉంది. ఆవు, గేదె, గొర్రెల మావి ప్రతిరక్షకాలను గర్భస్థ పిల్లకు చేరనివ్వదు. అవి ముర్రుపాల ద్వారానే అందాలి. వాటిని యథాతథంగా గ్రహించే శక్తి పేగుకు సుమారు ఒక రోజులోనే ఉడిగిపోతుంది. ఈలోగా తల్లి జననమార్గం, చన్నులు, నాలుక, కొట్టం నేల నుంచి సూక్ష్మజీవులు పిల్ల పేగులో స్థిరపడుతుంటాయి.

మందుల యుగం

యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థ నుంచి 1948లో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను ప్రకటించాడు. ఆ మందు తయారీలో మిగిలిన పదార్థం కలిపిన మేతతో కోడిపిల్లలు వేగంగా పెరుగుతాయని అదే సంస్థలో జ్యూక్స్, స్టోక్‌స్టాడ్ కనుగొన్నారు. అలా యాంటీబయాటిక్ మేతలు వ్యాపించాయి. మందులకు లొంగని బ్యాక్టీరియా భయంతో ఐరోపా సమాఖ్య 2006లో వృద్ధికారకాలుగా వాటి వాడకాన్ని పూర్తిగా నిలిపివేసింది. పశువుల మేతలో కొలిస్టిన్‌ను భారత ప్రభుత్వం 2019లో నిషేధించింది. దాంతో తల్లి ఇచ్చే సహజ రక్షణ వైపు దృష్టి మళ్ళీ మరలింది.

ముగింపు

తెలుగు ఇళ్లలో ముర్రుపాలకు జున్ను అనే మరో గమ్యమూ ఉంది. బెల్లం, మిరియాలు వేసి వండి ఇరుగుపొరుగుకు పంచే ఈ ఆచారాన్ని శాస్త్రం కాదనదు. వరుసను మాత్రం నిర్దేశిస్తుంది. ఈనిన గంట రెండు గంటల్లో దూడ తాగాలి, తొలిరోజు దాని బరువులో పదోవంతు పాలు దానికే దక్కాలి; మిగిలినదే జున్నుకు. అయితే కరువు ఏటి గొర్రెకు ఆ మిగులు ఉండదు. చూలుతో ఉన్న చివరి వారాలలో మేత కరవైతే ముర్రుపాలే తగ్గుతాయి. కనుక మెట్టసీమలో గొర్రెపిల్ల పేగు ఆరోగ్యం దాని పుట్టుకకు ముందే, తల్లి మేతతోనే మొదలవుతుంది.