రన్‌వే వాకిట నివాసం.. నిద్రకు దూరం

బేగంపేట నుంచి సాధారణ ప్రయాణికుల విమానాలు 2008 మార్చి 23న శంషాబాద్‌కు తరలిపోయాయి. దశాబ్దాల పాటు నగరం నడిబొడ్డున వినిపించిన మోత దానితో చాలావరకు తగ్గింది. అయితే శబ్దం సమసిపోలేదు, చోటు మారింది. నాడు పొలాలుగా ఉన్న శంషాబాద్ పరిసరాల్లో నేడు కాలనీలు వెలిశాయి. అక్కడ స్థలం కొనదలచిన వారు ధరతో పాటు శబ్దాన్ని కూడా విచారించుకోవలసి ఉంది.

మోత ఎటువైపు?

శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. దూరం ఒకటే అయినా ఉత్తర, దక్షిణాల కన్నా ఆ వరుసలోని నివాసాలపైనే మోత అధికం. విమానం సాధారణంగా గాలికి ఎదురుగా దిగుతుంది, ఎదురుగానే లేస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి గాలి వీచేటప్పుడు తూర్పు నుంచి వచ్చి దిగుతుంది, పడమరకు లేస్తుంది. తూర్పు గాలులు వీచే శీతకాలపు రోజుల్లో ఇది తారుమారవుతుంది. కనుక ఒక్క రుతువులో స్థలం చూసి నిశ్శబ్దమని తలచరాదు. దిగే విమానం సుమారు 3 డిగ్రీల వాలులో వస్తుంది. రన్‌వేకు 5 కిలోమీటర్ల దూరంలో అది దాదాపు 280 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది.

నిబంధనలు ఇవీ

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. విమానాశ్రయాలకు కేంద్ర పర్యావరణ శాఖ 2018 జూన్‌లో వేరుగా ప్రమాణాలు ప్రకటించింది. ఏటా 50 వేలకు మించి విమాన రాకపోకలున్న చోట పగలు 70, రాత్రి 65. తక్కిన చోట్ల పగలు 65, రాత్రి 60 డెసిబెళ్లు. ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల వరకు పగలుగా పరిగణిస్తారు. శంషాబాద్ మొదటి కోవకు చెందుతుంది. డెసిబెళ్లు 10 పెరిగితే చెవికి మోత సుమారు రెట్టింపుగా తోస్తుంది.

ఈ పరిమితులన్నీ సగటు లెక్కలు. అర్ధరాత్రి ఒక్క విమానం నిమిషం పాటు మోగినా సగటు అంతగా పెరగదు. నిద్ర మాత్రం చెదిరిపోతుంది. పరిమితి దాటకున్నా ప్రజలు బాధపడటానికి కారణమిదే.

ఆరోగ్యంపై ప్రభావం

ఐరోపాలో 6 విమానాశ్రయాల చుట్టుపక్కల జరిపిన పరిశోధన 2008లో వెలువడింది. రాత్రివేళ విమాన శబ్దం పెరిగిన కొద్దీ రక్తపోటు బాధితులు కూడా పెరుగుతున్నట్లు అందులో తేలింది. మోత అధికంగా ఉన్న పాఠశాలల్లో పిల్లల పఠన సామర్థ్యం తగ్గుతున్నట్లు 2005 నాటి మరో పరిశోధన వెల్లడించింది. ఐరోపా ప్రాంతానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చేసిన సిఫార్సు ప్రకారం రాత్రి విమాన శబ్దం సగటున 40 డెసిబెళ్లకు లోపే ఉండాలి.

కొనేముందు, కొన్న తర్వాత

స్థలాన్ని పగలొకసారి, రాత్రి 10 గంటల తర్వాత మరోసారి చూడాలి. రన్‌వే వరుసకు అది ఎటువైపు ఉన్నదో పటంలో సరిచూసుకోవాలి. రేకుల కప్పు శబ్దాన్ని అంతగా ఆపదు. కాంక్రీటు కప్పు, మందపాటి గోడలు మేలు. రెండు అద్దాల కిటికీలు, సందులు లేని తలుపులు మోతను తగ్గిస్తాయి. కానీ వేసవిలో కిటికీలు మూసి నిద్రించడం ఏసీ లేని పేద కుటుంబాలకు సాధ్యం కాదు. మోత మితిమీరితే తేదీ, సమయం రాసిపెట్టుకుని విమానాశ్రయ యాజమాన్యానికి, కాలుష్య నియంత్రణ మండలికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.